వెజోఖో తిన్న విందు

మా నాగా కొండల్లో ఎవరెంతటివాడో తెలియాలంటే ఇంటి ముందు గోడ చూస్తే చాలు. అక్కడ మిథున్ తల, అంటే మా కొండల్లో పెంచే అడవిదున్న తల, వేలాడుతుంటే ఆ ఇంటాయన ఊరంతటికీ విందు పెట్టినట్టు. గుర్తుల శాలువా కప్పుకునేది అతనే. ఊరంతా పెద్ద బండరాయిని తాళ్లతో లాగి నిలబెట్టేదీ అతని పేరునే. డిగ్రీకి ఆ శాలువా రాదు, కారుకీ రాదు. నీ విందు ఊరంతా తినాలి, నువ్వు మాత్రం అందులో ముక్క ముట్టకూడదు. తిన్నవాడు నిన్ను పెద్దమనిషిగా ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత కాదంటే కుదరదు.

మా పెదనాన్న వెజోఖో ఆ శాలువా కోసమే బతికాడు. వాళ్ల నాన్న జీవితమంతా పరాయి విందుల్లో కట్టెలు కొట్టి చివరి వరసలో తిన్నాడు. అందుకే పెదనాన్న ఒక మిథున్ దూడను తెచ్చి, ఎడమచెవికి తన కత్తితో రెండు గాట్లు పెట్టి అడవిలో వదిలాడు. ఉప్పు తీసుకుని కొండెక్కి "హో... ఓయ్" అంటే చాలు, ఆ నల్లటి కొండంత జంతువు వెదురు పొదల్లోంచి వచ్చి అరచెయ్యి నాకేది. పెద్దమ్మ కువెలు శాలువా ముందే నేసి పెట్టెలో పెట్టింది.

"ముసలాడా, చెదలు తినకముందే కప్పుకో."

"ఈ కోతలు కానీయవే."

ఆ వానాకాలం పెదనాన్నకి కామెర్లు పట్టుకున్నాయి. ఉప్పు సంచి ముతోజో చేతిలో పెట్టాడు. ముతోజో రోడ్డు కాంట్రాక్టరు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్లు.

"నాలుగురోజులకోసారి వెళ్లిరా తమ్ముడూ. మరిచిపోతే అడవిలో కలిసిపోద్ది."

"నీ బిడ్డ నా బిడ్డ కాదా అన్నా? నువ్వు పడుకో."

కోతలయ్యాయి. పెదనాన్న ఇంకా లేచి నిలబడుతుండగానే ముతోజో విందు పెట్టాడు. మిథున్ని దిగువ ఊళ్లో కొన్నానన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెదనాన్నని మొదటి వరసలో కూర్చోబెట్టి, పెద్ద ముక్క ముతోజోయే వడ్డించాడు.

"ఎంత మెత్తగా ఉందిరా! బాగా మేపిన చెయ్యి," అన్నాడు పెదనాన్న.

చెయ్యి కడుక్కుని గోడమీది తల చూడటానికి వెళ్లాడు. ఎడమచెవి. రెండు గాట్లు.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. ఊరిపెద్ద చోసెఖో ఆకు నములుతూ పెదనాన్న గోడు విన్నాడు.

"నీదే అనుకో. ధర కట్టిస్తాం."

"ధర ఎవడికి కావాలి? ఆ విందు నాది!"

"తిన్నావా, లేదా?"

నాకు మండింది. "దొంగిలించి పెట్టింది విందెలా అవుతుంది?"

"కాలేజీ సగంలో వదిలావు. ఆచారం మాత్రం పూర్తిగా చదివావేంట్రా?" అన్నాడు చోసెఖో. అందరూ నవ్వారు. నిన్నటి మాంసం ఇంకా వాళ్ల పళ్లలోనే ఉంది.

ముతోజో లేచి పెదనాన్న భుజం మీద చెయ్యేశాడు. "అన్నా, మన మధ్య నీదేంటి, నాదేంటి?"

"అయితే ఆ శాలువా ఇటియ్యి," అంది గుమ్మంలోంచి పెద్దమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇవ్వనూ లేదు.

రాయి లాగే రోజు ఊళ్లో మగాళ్లందరూ తాడు పట్టుకున్నారు. ముందు ముతోజో, భుజాన కొత్త శాలువా. నేను దారి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. పెదనాన్న పసుపు ఇంకా వదలని కళ్లతో వచ్చి, చివరి వరసలో తాడందుకున్నాడు.

"నీకు సిగ్గులేదా?" అన్నాను.

"తిన్నాను కదరా."

తాడు బిగిసింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు పెదనాన్న తలెత్తి, అడవిలో మిథున్‌ని పిలిచినట్టే, గొంతు చీలేలా కేకేశాడు.

"హో... ఓయ్!"

ముందు నడుస్తున్న ముతోజో కాలు తడబడింది. తిరిగి చూడలేదు. రాయి కదిలింది.