ఇరవై నిమిషాల దూరం

ఇంద్రాణికి కూర్చోవడం చేతకాదు. పెళ్ళయి టాటానగర్ రైల్వే కాలనీకి కాపురానికి వచ్చిన నాటినుంచీ అంతే. టీవీ ముందు కూర్చోబెడితే పది నిమిషాలకోసారి లేచి గుమ్మంలోకి వస్తుంది, గుమ్మంలోంచి వీధి మొగదాకా, అక్కణ్నుంచి మళ్ళీ వంటింట్లోకి. "కాలుగాలిన పిల్లివే నువ్వు" అంటుంది పక్క క్వార్టరు రమాదేవి. అంటే అన్నది గానీ, గూడ్సు డ్రైవరు పెళ్ళాం కాలు కాలకుండా ఎలా ఉంటుంది?

బంగార్రాజుకి డ్యూటీ కాల్ ఏ వేళ వస్తుందో దేవుడికే తెలియాలి. కాల్ వచ్చిన రెండు గంటలకల్లా స్టేషన్లో సంతకం పెట్టాలి. ఆ రెండు గంటల్లో నీళ్ళు కాగాలి, అన్నం ఉడకాలి, రెండు పూటలకి సరిపడా కూర క్యారేజీలోకి ఎక్కాలి. "ఆ రన్నింగ్ రూమ్ పప్పు తింటే బండి కాదు, నానే పట్టాలు తప్పుతాను" అంటాడు మహానుభావుడు, లైన్లో డ్రైవర్లు బస చేసే చోటి తిండి గురించి. పూర్వం కాల్ బాయ్ సైకిలు మీద పుస్తకం పట్టుకొచ్చేవాడు, ఇప్పుడు ఫోను మోగుతోంది. వంటకి పట్టే వేళ మాత్రం మారలేదు. కాబట్టి ఇంద్రాణి ఎక్కడున్నా ఇరవై నిమిషాల్లో పొయ్యి ముందుండాలి. ఈ రూలు ఎవరూ రాసి గోడకి అంటించలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడే పాటిస్తోంది.

అలా ఆమెకో గిరి ఏర్పడింది. ఓ పక్క నీళ్ళ ట్యాంకు, ఓ పక్క యార్డు గోడ, ఇంకో పక్క చర్చి వెనక మైదానం, పడమరన రైల్వే గేటు. గేటు దాటి ఇంకో పది నిమిషాలు నడిస్తే ఖర్కాయి నది. ఆ నదిని ఆమె రైలు కిటికీలోంచి చూసిందే తప్ప గట్టున నిలబడి ఎరగదు. పోనీ మొగుడు లైన్లో ఉన్న రోజుల్లో వెళ్ళొచ్చుగా అంటారు. ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరికి తెలుసు? ఇంటికి తాళంచెవి ఒక్కటే. ఎప్పుడూ మనిషి ఉండే ఇంటికి రెండోది దేనికని చేయించలేదు.

ఇంట్లో ఉండలేక, దూరం పోలేక ఆ గిరిలోనే తిరిగింది. తిరిగే మనిషికి ఏదో ఒకటి కనబడక మానదు. ఆమెకి పిట్టలు కనబడ్డాయి. ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పే ప్రిస్సీ మేడం చర్చికొచ్చినప్పుడు ఈవిడ మెడ పైకెత్తి నిలబడ్డం చూసి, పలకరించి, తన పాత బైనాక్యులర్ ఇచ్చింది. ఆరేళ్ళలో తొంభై మూడు రకాలు చూసింది ఇంద్రాణి. అన్నీ గోడ క్యాలెండరు గళ్ళలోనే రాస్తుంది. గ్యాసు బుక్ చేసిన తేదీ పక్కనే 'పచ్చ పావురాలు ఏడు' అని ఉంటుంది. చలికాలంలో డిమ్నా చెరువుకి బాతులొస్తాయి, రమ్మని ప్రిస్సీ మేడం ఏటా పిలుస్తుంది. "వత్తాను మేడం" అని ఇంద్రాణి ఏటా అంటుంది. వెళ్ళిన పాపాన పోలేదు.

ఈ వేసవిలో ఆమెని పట్టుకున్నది ఒక జంట. కాలనీ చివర పాత దిరిసెన చెట్టుకి రెండు నిలువుల ఎత్తున ఒక తొర్ర ఉంది. ఏప్రిల్లో బూడిదరంగు పొడుగుముక్కు పిట్ట ఒకటి అందులో దూరింది. హిందీవాళ్ళు ధనేశ్ అంటారు, ప్రిస్సీ మేడం హార్న్‌బిల్ అంటుంది. ఇంద్రాణి మగదానికి ముక్కోడనీ, ఆడదానికి ముక్కమ్మనీ పేర్లు పెట్టేసింది. లోపలికి వెళ్ళిన ముక్కమ్మ మట్టితో, తన రెట్టతో తొర్రనోటికి గోడ కట్టేసుకుంది. ముక్కు పట్టేంత చీలిక మాత్రం మిగిల్చింది. గుడ్లు పొదిగి పిల్లలు కాస్త పెరిగేదాకా ఇక బయటికి రాదు. అన్నాళ్ళూ తల్లికీ పిల్లలకీ తిండి తేవలసింది ముక్కోడే.

"నీకూ దానికీ తేడా ఏటే? నీకు తలుపుంది, అంతే" అని రమాదేవి ఎకసెక్కమాడింది. ఇంద్రాణి నవ్వి ఊరుకుంది.

ముక్కోడు గంటకోసారి గేటు వైపునుంచి వచ్చేవాడు. నోట్లో మేడిపండు. ఇంద్రాణి గిరిలో ఎక్కడా మేడిచెట్టు లేదు. ఎక్కణ్నుంచి తెస్తున్నాడో అంతుబట్టక క్యాలెండర్లో ప్రశ్నార్థకం పెట్టుకుంది.

మే నెలలో ఒక మంగళవారం పొద్దున్నే కాల్ వచ్చింది. ఏడింటికల్లా బంగార్రాజు క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఎనిమిదింటికి ఇంద్రాణి చెట్టు దగ్గరికి వెళ్ళింది. తొమ్మిదైంది, ముక్కోడు రాలేదు. పది దాటింది, రాలేదు. ఇంటికొచ్చి పప్పు పెట్టి మళ్ళీ వెళ్ళింది, పప్పు మాడిపోయింది. సాయంత్రానికి పదకొండుసార్లు తిరిగింది. చీలికలోంచి ముక్కమ్మ ముక్కు బయటికొచ్చి, కాసేపు ఆగి, లోపలికి పోతోంది.

"ఏటే, మొగుడు లైన్లో ఉంటే పిట్ట కోసం గుండెలు బాదుకుంతన్నావు?" అంది రమాదేవి.

"రెండూ ఒకటేనొదినా. తిరిగొచ్చేదాకా తెల్దు కదా."

బుధవారం కూడా రాకపోయేసరికి ప్రిస్సీ మేడానికి ఫోను చేసింది.

"కొన్ని ఆడపక్షులు గోడ పగలగొట్టుకుని వచ్చేస్తాయండి. కొన్ని పిల్లల్ని వదల్లేక లోపలే ఉండిపోతాయి" అంది ప్రిస్సీ.

"ఉండిపోతే?"

"పళ్ళేమైనా అందించి చూడండి ఇంద్రాణిగారూ. గోడ మాత్రం ముట్టుకోకండి" అంది ప్రిస్సీ.

రమాదేవి ఇంట్లో మామిడికాయలు కోసే దోటి ఉంది. దాని కొసకి బొప్పాయి ముక్క కట్టి చీలిక దాకా ఎత్తింది ఇంద్రాణి. లోపల్నుంచి ముక్కు ఒక్క పోటు పొడిచింది. బొప్పాయి ఊడి నెత్తిన పడింది. ఇరవైసార్లు ఎత్తింది, ఇరవైసార్లూ అంతే. అంత ఎండలో భుజాలు పీకుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. చావడానికైనా సిద్ధపడుతుంది గానీ ముక్క పుచ్చుకోదేం ఈ మొండిది!

గురువారం పదింటికి బంగార్రాజు దిగాడు. స్నానం చేసి కంచం ముందు కూర్చుని, ఉల్లాసంగానే మొదలుపెట్టాడు.

"ఒలే, నీ క్యాలెండర్లో రాసుకో. మంగళారం బయల్దేరి గేటు దాటగానే పిట్టొకటి వచ్చి ఇంజను అద్దానికి కొట్టుకుంది. బూడిదరంగుది. ముక్కు ఇంత పొడుగు. నోట్లో పండు కూడా ఉన్నాది. అది సితికి, రూర్కెలా దాకా అద్దం మీద మరక అలాగే ఉండిపోయింది. పాపమనిపించింది."

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. గూడ్సు బండికి బ్రేకు వేస్తే ఆగడానికి ఎంత దూరం పడుతుందో ఆమెకి తెలుసు. పిట్ట కోసం ఎవడూ వెయ్యడనీ తెలుసు. అన్నీ తెలిసినా కోపం పోలేదు.

"దాని పెళ్ళాం దిరిసెన చెట్టు తొర్రలో ఉంది మావా. గోడ కట్టుకుని కూకుంది. రెండ్రోజులై తిండి లేదు. దోటికి బొప్పాయి కట్టి ఎత్తినా తినదు."

బంగార్రాజు ముద్ద నోటిదాకా తెచ్చి దించేశాడు. "నాను కావాలని సేసానేటి?"

"అన్నానేటి నాను?"

మామూలుగా అయితే లైనునుంచి వచ్చిన మనిషి తిని పడుకుంటే పిడుగు పడ్డా లేవడు. ఆ రోజు సగం కంచంలోనే చెయ్యి కడిగేసి, "ఆ కర్రెక్కడుంది?" అన్నాడు.

దోటికున్న కొక్కెం ఊడదీసి, కొస చీల్చి, అందులో ద్రాక్షపండు ఇరికించాడు. ద్రాక్ష కోసం ఆ ఎండలో జుగ్సలాయి బజారుదాకా పోయొచ్చాడు. తర్వాత చెట్టు కింద నిలబడి, సిగ్నలు కోసం చూసినట్టు రెప్పవేయకుండా తొర్రకేసి చూస్తూ కర్ర ఎత్తిపట్టుకున్నాడు. ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయినా ఒక్క ముద్ద కలిపి పెట్టిన మనిషి కాదు. పెట్టడానికి ఇంట్లో ఉంటేగా! ఇప్పుడు "తిను తల్లీ, తిను" అని గొణుగుతున్నాడు. కాలనీ ఆడవాళ్ళు గోడలమీంచి చూసి నవ్వుకుంటే నవ్వుకోనిమ్మన్నాడు.

అయిదు దాటాక ముక్కు బయటికొచ్చింది. కర్రని ఒకసారి కొట్టింది. రెండోసారి ద్రాక్షపండు కొస పట్టుకుని లోపలికి లాక్కుంది.

"తిన్నాది" అన్నాడు బంగార్రాజు, ఎవరికో రహస్యం చెప్పినట్టు. ఇంద్రాణి రోడ్డు మీదే భోరుమని ఏడ్చేసింది. ఆ పూట చీకటిపడేలోగా పదిహేను పళ్ళు అందించారు.

శుక్రవారం తెల్లారగానే ఇద్దరూ మళ్ళీ చెట్టు కిందే ఉన్నారు. మూడు పళ్ళు ఇచ్చారో లేదో జేబులో ఫోను మోగింది. కాల్. ఎనిమిదింటికి సంతకం.

ఇంద్రాణి కాళ్ళు అలవాటుకొద్దీ ఇంటివైపు తిరిగాయి. నాలుగడుగులు వేసింది. అప్పుడు వినబడింది, తొర్రలోంచి టక్కు టక్కుమని చప్పుడు. ముక్కమ్మ లోపల్నుంచి గోడని పొడుస్తోంది. మట్టి పెళ్ళ ఒకటి ఊడి కింద పడింది. ఇంద్రాణి ఆగిపోయింది.

"నాను రాను మావా" అంది.

"మరి క్యారేజీ?"

"బియ్యం నీలం డబ్బాలో ఉన్నాయి. పప్పు దాని పైనుంది."

బంగార్రాజు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నాకు వండటం రాదే."

"రెండు గంటలుంది కదా, నేర్చుకో. ఎల్లేటపుడు తాళం రమాదేవొదినకిచ్చీ."

అతను కర్ర చెట్టుకి ఆనించి, రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఏం వండాడో, ఏం పట్టుకెళ్ళాడో ఆమె చూడలేదు. అటువైపే చూడకూడదని పట్టుబట్టి తొర్రనే చూస్తూ నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అన్నం లేకుండా మొగుణ్ణి పంపడం అదే మొదలు మరి.

పదకొండింటికి గోడ పగిలింది. ముందు ముక్కు, తర్వాత తల, తర్వాత నలిగి మాసిపోయిన ఒళ్ళు బయటికొచ్చాయి. కొమ్మ మీద వాలి, కాసేపు తూలి, రెక్కలు విదిల్చుకుంది. తొర్రలోంచి పిల్లల కీచుమనే అరుపు. ముక్కమ్మ ఒకసారి లోపలికి తొంగిచూసి గేటువైపు ఎగిరింది. ఒక చెట్టు, కాస్త అలుపు, మళ్ళీ ఇంకో చెట్టు.

ఇంద్రాణి వెనకే పరుగుతీసింది. చెప్పు తెగితే చేత్తో పట్టుకుంది. గేటు వేసి ఉంది. గూడ్సొకటి ఎంతకీ తెగకుండా పోతోంది. అది పోయాక గేటు లేచింది. ఆమె అటూ ఇటూ చూడలేదు, దాటేసింది.

నది గట్టున ఉంది మేడిచెట్టు. మొదలునుంచి కొమ్మల దాకా ఎర్రగా కాసి ఉంది. అందులో ముక్కమ్మ కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి మింగుతోంది. రోజూ ఇంత దూరంనుంచి మోసేవాడన్నమాట, అనుకుంది ఇంద్రాణి. పట్టాల మీదుగా, గంటకోసారి. ఆమె గట్టు మీద కూలబడింది. ఎదురుగా ఎండకి మెరుస్తూ ఖర్కాయి. ఇంటికి ఇంత దగ్గర్లో ఇంత నీళ్ళున్నాయా అని వింతగా చూసింది.

మూడింటికి ఫోను మోగింది. చక్రధర్‌పూర్ రన్నింగ్ రూమ్‌నుంచి బంగార్రాజు. అక్కణ్నుంచి అతను ఫోను చెయ్యడమే అరుదు. చేసినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు.

"ఏటైంది? బయటికొచ్చిందా?"

"వచ్చింది. తిన్నాది. రెండుసార్లు పిల్లలకి పట్టుకెల్లి మళ్ళీ వచ్చింది. నువ్వేటి తిన్నావు?"

"అన్నం అడుగంటిపోనాది. ఇక్కడి పప్పే తిన్నాను." కాస్త ఆగాడు. "నువ్వెక్కడున్నావు?"

"నది కాడ."

అంత దూరమెందుకెళ్ళావంటాడేమోనని ఇంద్రాణి కాచుకుని ఉంది. మాట కూడా సిద్ధం చేసుకుంది.

"అది కూడా గేటు కాడే పట్టాలు దాటతందా?" అన్నాడు బంగార్రాజు.

"అక్కడే."

"రేపు నాలుగింటికి అటూ ఇటూగా ఆ దారినే వత్తన్నాను. దూరంనుంచే కొడతాను హారను. దానికి అలవాటయ్యేదాకా కొడతాను. మిగతావోళ్ళకీ సెప్తాను."

ఫోను పెట్టేశాక ఇంద్రాణి మేడిచెట్టు దగ్గర్నుంచి గేటు దాకా పిట్ట ఎగిరే దారిని కళ్ళతో కొలిచింది.

మర్నాడు నాలుగింటికి ఆమె అదే గట్టు మీద ఉంది. ముక్కమ్మ నోట్లో పండు పెట్టుకుని అప్పుడే కొమ్మ వదిలింది. దూరాన హారను మొదలైంది. మామూలుగా కొట్టేదానికి నాలుగింతలు పొడుగ్గా, ఆగకుండా మోగుతూ వచ్చింది. బైనాక్యులర్లో చూస్తూంటే ముక్కమ్మ గాల్లోనే వంపు తిరిగి, వెనక్కొచ్చి, గేటు ఇవతల తీగ మీద వాలింది. ఇంజను దాటింది, వ్యాగన్లు దాటాయి. ఇంద్రాణి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆఖరి వ్యాగను వెళ్ళాక పిట్ట లేచి కాలనీవైపు ఎగిరిపోయింది.

ఇంకో గంటలో మొగుడు ఇంటికొస్తాడు. వంట చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది ఇంద్రాణికి. పిట్ట మళ్ళీ వచ్చేదాకా చూసి లేద్దామని, అక్కడే కాళ్ళు చాపుకుని కూర్చుంది.