మిషన్ మీద తువ్వాల

మట్టయ్యకు దేన్నైనా కప్పి పెట్టే అలవాటు. టీవీ కొని ఏడేళ్లయినా రిమోటు ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. సైకిలు సీటుకు తొడుగు, ఆ తొడుగు పాడవకుండా దాని మీద ఓ సంచి. మిర్యాలగూడ చివర సర్కారు బడికి ఇరవై రెండేళ్లుగా వాచ్‌మన్. ఆయన ఉండగా ఒక్క బెంచీ కాలు విరగలేదని పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

బడి వెనక అన్నీ రైసుమిల్లులే. సాయంత్రమైతే చాలు, ఊక కాల్చిన బూడిద ఆరేసిన బట్టల మీదా అన్నం గిన్నెల్లోనూ రాలుతుంది. ఆయన భార్య సువర్ణకు రెండేళ్లుగా దగ్గు, ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కితే కూలబడుతుంది. ఈ బూడిద పీల్చినన్నాళ్లు ఊపిరితిత్తులు బాగుపడవని దవాఖాన డాక్టరు చెప్పేశాడు. వాడలోని వాళ్లంతా కలిసి అర్జీ పెట్టుకున్నారు. సర్కారు కూడా ఊరికే కూర్చోలేదు. గాలిలో దుమ్మును కొలిచే మిషన్ తెచ్చి బడి డాబా మీద పెట్టించింది. ఏడాది లెక్కలో దుమ్ము ఎక్కువని తేలితే మిల్లులన్నీ పొగగొట్టాలకు బూడిదను ఆపే యంత్రాలు బిగించాల్సిందే.

"లక్షల మిషన్ కాకా, జర పైలం," అన్నాడు నరేందర్. వారానికి రెండుసార్లు వచ్చి మిషన్‌లో వడపోత కాగితం మార్చడం అతని పని. మట్టయ్యకు ఆ ఒక్క మాట చాలు.

బూడిద రాలడం మొదలవగానే డాబా ఎక్కి మిషన్‌కు తడి తువ్వాల కప్పేవాడు. గాలి ఎట్లాగూ గుడ్డలోంచి పోతుంది, ఆగేది నలుసే కదా అనుకున్నాడు పిచ్చి మారాజు. తెల్లారగానే, నరేందర్ వచ్చే రోజైతే అతను రాకముందే, తువ్వాల తీసి మిషన్‌ను తళతళలాడేలా తుడిచేవాడు. నల్లబడ్డ ఆ తువ్వాలను సువర్ణే దగ్గుకుంటూ ఉతికేది.

ఏడాది తిరిగింది. నరేందర్ మిషన్ విప్పడానికొచ్చాడు.

"గీడ గాలి మంచిగనే ఉన్నదని లెక్క తేలింది కాకా. దీన్ని సూర్యాపేటల పెడ్తరంట."

"మంచిగున్నదా? మిషన్ గిట్ల ఖరాబైందా ఏంది? అట్లెట్లయితది! ఒక్క నలుసు పడనియ్యలే నేను. దినాం తడి తువ్వాల కప్పిన."

నరేందర్ చేతిలో పానా ఆగిపోయింది.

"కాకా... ఆ నలుసులు పట్టుడే దాని పని."

నరేందర్ తిట్టలేదు. అసలు సంగతి చెప్పకపోవడం తనదే తప్పన్నాడు. రిపోర్టు పైకి పోయింది, మళ్లీ అర్జీ పెట్టండి, నేనూ రాస్తానన్నాడు. మళ్లీ మిషన్ రావాలి, మళ్లీ ఏడాది కొలవాలి. సువర్ణ ఛాతీ అన్నాళ్లు ఆగుతుందా అని ఎవరిని అడగాలి?

ఇంటికొచ్చి ఏదీ దాచకుండా ఆమెకు చెప్పాడు. "చేతులార చేసిన సువర్ణా," అని గడప మీద కూలబడి ఏడ్చాడు. దగ్గు తెరపి ఇచ్చాక ఆమె మెల్లగా అంది.

"మిషన్‌కు అంత పైలంగ కప్పినవ్. ఒక్కనాడన్న నా ముక్కుకు కప్పకపోతివి."

బయట బూడిద మొదలైంది. దండెం మీద ఉతికిన తువ్వాల ఉంది. దాన్ని అందుకోవడానికి మట్టయ్యకు చెయ్యి రాలేదు.