మైకు చేతికిచ్చిన రోజు

అశోక్‌నగర్‌లో నేను చరిత్ర చెప్పే ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్ మూతపడ్డాక, రోడ్డుకు అవతలున్న సెంటరే నన్ను పనిలోకి తీసుకుంది. ఇన్నేళ్లూ క్లాసులో నేను ఎగతాళి చేసిన సెంటర్ అది. ఆ సంగతి దాని డైరెక్టర్ గారికీ తెలుసు. అందుకే మొదట జవాబు పత్రాలు దిద్దించారు, నోట్సు పట్టుకుని జిరాక్స్ షాపుకు పొమ్మన్నారు. మైకు మాత్రం ఇవ్వలేదు. పాఠం చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు కాబట్టి కుక్కిన పేనులా పడి ఉన్నాను.

చివరికి ఒక డెమో క్లాసు ఇచ్చారు. ఇక్కడ డెమో అంటే పిల్లలు ఫీజు కట్టకుండా వచ్చి కూర్చుంటారు. నచ్చకపోతే మధ్యలోనే బ్యాగు తగిలించుకుని చిక్కడపల్లి లైబ్రరీకి పోతారు. వాళ్లు లేచి వెళ్లిపోతే నా పనీ పోయినట్టే. ఆ ఉదయం నారాయణగూడ నుంచి నడిచి వస్తూ దారంతా పాఠం వల్లించుకున్నాను.

డైరెక్టర్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు. నేను మైకు పట్టుకుని, అలవాటు కొద్దీ, "అందరికీ స్వాగతం" అంటూ మా పాత సెంటర్ పేరే చెప్పేశాను. హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. కొంప మునిగిందనుకున్నాను.

ఇక చేసేదేముంది, పాఠం మొదలుపెట్టాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఓడింది, లొంగిపోయింది, నిన్నటి శత్రువులైన బ్రిటిష్ కూటమి పక్షాన చేరింది. వాళ్లు ఆ సైన్యాన్ని వెంటనే నమ్మలేదు. చాలామంది చేత ఓడల్లోంచి సరుకు దింపించారు, రోడ్లు బాగు చేయించారు. జిరాక్స్ షాపు గుర్తొచ్చి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను. తర్వాత కొందరికి బ్రిటిష్ యూనిఫాం, బ్రిటిష్ తుపాకులు ఇచ్చారు. చొక్కా చేతి మీద చిన్న ఇటలీ జెండా మాత్రం ఉంచుకోనిచ్చారు.

ముందు వరుసలో ఒక మహబూబ్‌నగర్ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, నిన్నటిదాంక కొట్లాడినోళ్లకు తుపాకి ఇచ్చుడేంది? మల్ల ఇటే తిప్పితే ఎట్ల అని భయం కాలేదా?"

వెనక బెంచీ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

"అయింది," అన్నాను. "ఇచ్చినోళ్లకు అయింది. పట్టుకున్నోళ్లకు ఇంకా ఎక్కువ అయింది. వాళ్లకు పోయేందుకు వేరే జాగ లేకుండె."

ఎవరూ బ్యాగు తగిలించుకోలేదు.

క్లాసు అయ్యాక డైరెక్టర్ గారు దగ్గరికి వచ్చారు. "రేపు కూడా మీరే చెప్పండమ్మా," అంటూ చెయ్యి చాపారు. షేక్‌హ్యాండ్ కాబోలనుకుని, ప్రాణం లేచొచ్చి, నా చెయ్యి అందించాను.

"మైకండీ," అన్నారాయన.

ఇచ్చేశాను. తన గదిలోకి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.