నేను నడిపిన గ్లైడర్

గ్లైడర్ అంటే ఇంజిను లేని చిన్న బొమ్మ విమానం, కింద నిలబడి రిమోటుతో నడపాలి. తిరువొత్తియూరులో సముద్రపు గాలి రాళ్లకట్టకు కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ గాలి మీదే అది తేలుతుంది. దాన్ని నడపడం మా ఆయనే నాకు నేర్పాడు. ఇద్దరికీ చెరో రిమోటు. ఆయన తన రిమోటులోని స్విచ్చు నొక్కి పట్టుకుంటేనే నాది పనిచేస్తుంది, లేకపోతే గ్లైడర్ ఆయన చేతిలోనే ఉంటుంది.

వేసవంతా ఆదివారం సాయంత్రాలు అక్కడే గడిపాం. "ఆడ చూడు, ఎంత బాగా తిప్పినావో!" అనేవాడు. నేను చూలైలోని పుట్టింటికి వెళ్లి గొప్పలు చెప్పుకునేదాన్ని.

ఒకరోజు గ్లైడర్ కట్ట మీద నుంచి సముద్రం వైపు ఎంతో అందంగా తిరిగింది. "సూపర్ మా! ఇప్పుడు నీ చెయ్యి కుదిరింది" అన్నాడు, ఆకాశంలోకే చూస్తూ. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. రిమోటు మీద లైటు వెలగడం లేదు. ఆ రోజు దాన్ని ఆన్ చెయ్యడమే మరిచిపోయాను.

"ఒక్క తూరన్నా ఆ స్విచ్చు నొక్కినారా?" అని అడిగాను.

ఆయన చూపు కిందికి దించలేదు. "పడిపోతుందని భయం, అంతే. నువ్వు సంతోషంగానే ఉండావు కదా?"

"పడనియ్యాల్సింది," అన్నాను. "నేనే పడేసినానని అయినా చెప్పుకునేదాన్ని."