మునగచెట్టు కింది చేపలు

నా ఏరాలు, అంటే మా మరిది భార్య, చచ్చిన చేపల గంప మోసుకెళ్లి మున్సిపల్ ఆఫీసు బల్ల మీద కుమ్మరించిన రోజు నాకు అన్నం సయించలేదు. నెత్తిన గంపతో ఆమె ఫోటో ఊళ్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది.

ఆ ఆఫీసు గడప ఆమెకన్నా ముందు తొక్కింది నేను. శామీర్‌పేట దిక్కు కొత్తగా లేచిన కాలనీల మురుగు గొట్టాన్ని మా చెరువులోకి వదిలారని, నా మూడో తరగతి చదువుతో నేనే అర్జీ రాశాను. పంచాయతీ ఉన్నప్పుడు సర్పంచి, "అది పైవాళ్ల పని అవ్వా" అన్నాడు. ఊరు మున్సిపాలిటీలో కలిశాక వాళ్లు చెరువు నీటిపారుదలోళ్లదన్నారు. నీటిపారుదలోళ్లేమో గొట్టం మున్సిపాలిటీదన్నారు. కలెక్టరాఫీసులో, "చేపలు సస్తయంటున్నవ్, సచ్చినవేవీ?" అని అడిగారు. నా దగ్గర లేవు.

ఎందుకు లేవో ఇంట్లో ఎవరికీ తెలియదు. గొట్టం పెట్టిన ఏడాది నుంచీ తొలి వానలకు కొన్ని చేపలు తేలేవి. అందరికన్నా ముందు లేచి, వాటిని ఏరుకొచ్చి పెరట్లో మునగచెట్టు మొదట్లో పాతిపెట్టేదాన్ని. మేము చేపలమ్మి బతికేవాళ్లం. మా చెరువు చేప చచ్చిందని తెలిస్తే మా గంప వైపు ఎవరు చూస్తారు? పైగా పారేయడమెందుకు, చెట్టుకు ఎరువు. మునగ విరగకాసింది.

ఈ ఏడు నేను జ్వరంతో పడుకున్నాను. చెరువు కట్ట మీదికి ఏరాలు ముందు పోయింది; తేలిన చేపలు ఆమెకే దొరికాయి.

ఆ ఫోటో తిరిగాక ఎమ్మెల్యే వచ్చి తప్పంతా మున్సిపాలిటీదన్నాడు. వేరే పార్టీ మున్సిపల్ చైర్మన్ వచ్చి, కాలనీలకు పర్మిషన్ ఇచ్చింది సర్కారే కదా అన్నాడు. ఒక్క కట్ట మీద రెండు జెండాలు, నడుమ పట్టుచీరలో ఏరాలు. నా అర్జీలోని మాటలే ఆమె నోట విన్నాను.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు మేడం, "ఎప్పటి నుంచి చస్తున్నాయి?" అని అడిగింది.

"ఈ వానకాలం నుంచే మేడం," అంది ఏరాలు.

చైర్మన్ మనిషి అందుకున్నాడు. "సూసిన్రా? గొట్టం పెట్టి మూడేండ్లాయె. దానితోనైతే అప్పుడే సావాలె గద! ఎవడో చెర్ల మందు గలిపిండు."

ఏరాలు ఇరుకున పడింది. నాకు లోపల చల్లగా అయింది, అబద్ధమెందుకు. కానీ మేడం ఆ మాటే రాసుకోబోయింది. రాస్తే గొట్టం ఇక కదలదు.

"మూడేండ్ల సంది సస్తున్నయ్ బిడ్డా," అన్నాను. "నేనే పాతిపెట్టిన."

"పాతిపెట్టావా? ఎందుకవ్వా?"

"ఎందుకేంది? అమ్మేది మేమే గద!"

మేడంని ఇంటికి తీసుకొచ్చి పారతో మునగ మొదట్లో తవ్వాను. పొలుసులు, తలకాయ ఎముకలు పొరలు పొరలుగా వచ్చాయి. మేడం సంచిలో వేయించుకుంది.

"సచ్చిన చేపను గూడ ఇడిసిపెట్టకపోతివి గదక్కా!" అంది ఏరాలు. "ముందే చెప్తే నేనెందుకు ఎండల తిరుగుదు?"

"చెప్తే నీ ఫోటో ఎట్ల పడుతుండె?"

ఆ వారం మా చేప ఒక్కటీ అమ్ముడుపోలేదు. తర్వాత గొట్టానికి సిమెంటు పెట్టి మూశారు. మా వల్లే అంటే మా వల్లే అని రెండు జెండాల వాళ్లూ కట్ట మీద ఫ్లెక్సీలు కట్టారు. రెండింటిలోనూ ఏరాలే నవ్వుతోంది. ఒకటి గాలికి ఊడిపడితే తెచ్చి కోళ్ల గూటి మీద కప్పాను, ఆమె ముఖం కోళ్ల వైపుకు పెట్టి.