అనసూర్య మడిలో బ్లీచింగ్ పౌడర్

పెద్దపల్లి నుంచి మంథని పోయే దారిలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే అనసూర్య పదిహేను గుంటల చెలక. ముప్పై ఏళ్లు అందులో ఆకుకూర పండించి పెద్దపల్లి అంగట్లో అమ్మిన మనిషి ఆమె. ఆమె నోటికి జంకనివాడు ఆ అంగట్లో లేడు, ఆమె పుంటికూరకు, అదే గోంగూరకు, వంక పెట్టినవాడూ లేడు.

ఇదంతా పక్కన రేకుల షెడ్డు లేచేదాకా. పాత చెప్పులు, పైపులు, వైర్ల తొడుగులు తెచ్చి అందులో కరిగించేవారు. ఊరికి ఫ్యాక్టరీ వచ్చిందని కొబ్బరికాయ కొట్టిన పెద్దమనుషులే ఆరేళ్ల తరువాత ముక్కులు మూసుకుని అర్జీ పెట్టారు. షెడ్డు పోయింది. అది వదిలిన మురుగు మాత్రం అనసూర్య మట్టిలోనే ఉండిపోయింది; దాన్ని ఖాళీ చేయించే అర్జీ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కూర ప్లాస్టిక్ వాసన వస్తోందని అంగట్లో ఎవరో అన్నారు. అనసూర్య వాళ్లను నోరారా తిట్టి, ఇంటికి వచ్చి తనే వండుకుని తిన్నది. రెండో ముద్ద మింగుడు పడలేదు. మట్టి బాగైందని తేలేదాకా ఒక్క కట్ట కూడా అమ్మనని ఒట్టు పెట్టుకుని, మర్నాటి నుంచి కూలికి పోయింది.

అప్పుడు కరీంనగర్ నుంచి ఫర్హీన్ అనే పరిశోధక విద్యార్థిని సీసాలు పట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ మెత్తగా ఉండాలని కలిపే థాలేట్లు అనే రసాయనాలు ఈ మట్టిలోకి దిగాయనీ, వాటిని తినే బ్యాక్టీరియా కూడా ఈ మట్టిలోనే ఉన్నాయనీ చెప్పింది. అవి ముందు ఆ రసాయనానికి ఉన్న తోకలు తెంపుతాయట, తరువాత మధ్యలో ఉన్న వలయాన్ని విప్పుతాయట. అట్లా అరిగించుకుంటూ పోతే చివరికి నీళ్లూ, మనం వదిలే గాలీ మిగులుతాయట.

"గింత గలీజు తినేటోళ్లకు మనమేం పెట్టాలె బిడ్డా?" అని అడిగింది అనసూర్య.

తడి, గాలి, కొంచెం పేడ చాలంది ఫర్హీన్. యూరియా వద్దు, పురుగుమందు వద్దు, గడ్డిమందు వద్దు అని కూడా చెప్పింది.

మూడేళ్లు అనసూర్య వాటిని కన్నబిడ్డల్లా సాకింది. కూలి నుంచి వచ్చి మట్టి తిరగేసేది, తడి పెట్టేది. గట్టు మీద బీడీ పారేసినవాడి ఏడు తరాలనూ కడిగేసేది. కంటికి కనిపించని వాటికి ఇంత మర్యాద ఏమిటని ఊరు నవ్వింది. ఆరునెలలకోసారి చేసే పరీక్షలో విషం తగ్గుతూ వచ్చింది. ఇంకొక్క పరీక్ష గట్టెక్కితే అంగడికి పోవచ్చు. పరీక్ష కోసం వేసిన పుంటికూర మోకాలెత్తు లేచింది.

ఈలోగా సంగతి పేపర్లో పడింది. మట్టిని మట్టే బాగు చేసుకుంటుంటే పెద్దసార్లు చూస్తూ ఊరుకుంటారా? ప్రారంభోత్సవానికి తేదీ ఖాయం చేశారు. మూడేళ్ల కింద మొదలైన పనికి ప్రారంభమేమిటని అడగడానికి ఎవరికీ తీరిక లేదు. పెద్దవాళ్లు వస్తున్నారంటే మన ఊళ్లలో ఏం చేస్తారో తెలిసిందే. సఫాయి పనిచేసే అంబదాస్ పొద్దున్నే వచ్చి దారికి రెండు పక్కలా సున్నం గీతలు గీసి, బ్లీచింగ్ పౌడర్ చల్లుకుంటూ గట్టు దాకా వచ్చి ఆగాడు. దారంతా తెల్లగా మెరుస్తుంటే తన మడి ఒక్కటే బోసిగా ఉండటం అనసూర్యకు చిన్నతనమనిపించింది. సాళ్ల మధ్య కూడా అతని చేత చల్లించుకుంది, దండిగా.

తొమ్మిదింటికి ఫర్హీన్ వచ్చి, మడి చూసి, చేతిలో సంచి కింద పెట్టేసింది. బ్లీచింగ్ పడితే పైమట్టిలో సూక్ష్మజీవులు బతకవని చెప్పి అంబదాస్ మీద విరుచుకుపడింది.

"గాయినను అనకు బిడ్డా. నేనే చల్లిపిచ్చిన," అంది అనసూర్య. "మనకు మంచిదైతే మట్టికీ మంచిదే అనుకున్న."

పెద్దసారు వచ్చాడు. సూక్ష్మజీవులను కంటికి రెప్పలా కాపాడుకోవాలని, బ్లీచింగ్ ఘాటుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ నలభై నిమిషాలు మాట్లాడాడు. అనసూర్యకు శాలువా కప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుంటే అందరూ అది సంతోషమనుకుని చప్పట్లు కొట్టారు.

పది రోజులకు ఫర్హీన్ ఫోన్ చేసింది. పైమట్టిలో ఏమీ బతకలేదట, జానెడు లోతున కొన్ని మిగిలాయట. అవి మళ్లీ పెరిగి మిగిలిన విషం తినేసరికి ఇంకో రెండేళ్లు పడుతుందని చెప్పింది.

ఆ వారమే పేపర్లో శాలువా ఫోటో వచ్చింది, విషం విరిగిన చెలక అని. మర్నాడు పొద్దున పెద్దపల్లి నుంచి ఆరుగురు బండ్ల మీద వచ్చి గట్టు దగ్గర నిలబడ్డారు. ఒకప్పుడు ఆమె కూర మానేసినవాళ్లే. ఎంతైనా ఇస్తాం, నాలుగు కట్టలు కోసివ్వమని బతిమాలారు.

అనసూర్య పుంటికూరను వేళ్లతో సహా పీకి, వాళ్ల ముందే గుంతలో పడేసి మన్ను కప్పింది.

"ఇంక రెండేండ్లయినంక రాండ్రి," అంది. "అప్పటిదాంక గా పేపర్నే వండుకోండ్రి."