డబ్బా టీవీ ఇయ్యను

మా ఇంట్లో నేను గట్టిగా మాట్లాడింది తక్కువ. నాకు మాట నోటితో కంటే కాగితం మీద తేలిగ్గా వస్తుంది. డైరీ రాసుకుంటాను, పుస్తకాలు చదువుకుంటాను, ఎవరైనా వస్తే మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోతాను. అందుకే పోయిన మిర్చి కోతలప్పుడు హాల్లో నిలబడి “డబ్బా టీవీ ఇయ్యను” అంటే, ఆ మాట ఎవరిదా అన్నట్టు అమ్మ వెనక్కి తిరిగి చూసింది.

డబ్బా టీవీ అంటే మా పాత టీవీ. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది, వెనక మూపురం. దాని కింద నల్లటి గేమ్ పెట్టె. నా చిన్నప్పుడు నాన్న భద్రాచలం తిరునాళ్లలో కొన్నాడు. పసుపుపచ్చ క్యాసెట్ గుచ్చి మీట నొక్కితే ఆట వచ్చేస్తుంది. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉంటుంది గానీ ఉన్నవి కొన్నే, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. నేనాడేది వాటిలో ఒకటి. ఒక చిన్న మనిషి పరుగెత్తుతూ గుంతలు దూకాలి. బడి రోజుల నుంచీ ఆడుతున్నాను, ఇప్పటికీ ఆడతాను.

చిన్ననాటి గుర్తు కదా, అందుకే వదలలేకపోతోందని అందరూ అనుకున్నారు. కొందరు జాలిపడ్డారు కూడా. ఆ జాలి నాకు అక్కర్లేదు. అది బాగా పనిచేస్తుంది, అందుకే ఉంచుకుంటానన్నాను.

అసలు గొడవ అన్నతో మొదలైంది. అన్న హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆ కోతలకు సెలవు పెట్టి వస్తూ గోడంత టీవీ, తెల్లటి కొత్త గేమ్ మెషీన్ తెచ్చాడు. అమ్మ మెషీన్‌కు పసుపు కుంకుమ బొట్టు పెట్టింది. డిస్క్ వేయగానే ఆట రాలేదు. ముందు నెట్ నుంచి ఇంకేదో దించుకోవాలంది. మా ఊరు చర్ల రోడ్డు మీద, అడవి పక్కన. సిగ్నల్ డాబా ఎక్కితేనే దొరుకుతుంది. అన్న తన ఫోన్‌ను నీళ్ల ట్యాంకు మీద పెట్టి, అక్కడి నుంచి నెట్ హాల్లోకి అందేలా చేశాడు. ఎండకు ఫోన్ కాలిపోతుందని అమ్మ దాని మీద తడిగుడ్డ వేయబోతే ఆపాడు. ఆట దిగేసరికి మర్నాడైంది.

దిగాక మాత్రం నేను నోరు తెరిచి చూశాను. తెర మీద అడవి. రోజూ మా ఇంటి వెనక చూసే ఆకులే, కానీ ఒక్కొక్క ఆకు మీద ఎండ విడివిడిగా కదులుతోంది. కొత్తది గొప్పది కాదని నేను ఎప్పుడూ అనలేదు.

కష్టం మిర్చితో వచ్చింది. కల్లంలో ఎండిన కాయను మేం బస్తాలకెత్తి హాల్లోనే పెడతాం. ఆ ఏడాది బస్తాలు కొత్త టీవీ పక్కకు వచ్చాయి. కొత్త మెషీన్ లోపల ఫ్యాన్ ఉంటుంది, ఆట బరువెక్కిన కొద్దీ జోరుగా తిరుగుతుంది. అన్న అడవిలో యుద్ధం మొదలుపెట్టగానే అది మిర్చి దుమ్మును ఒకవైపు పీల్చి, వేడి చేసి, ఇంకోవైపు మా మొహాల మీదికి ఊదింది. అన్న తుమ్ములతో ఆట ఆపలేక, ఆడలేక, చొక్కా మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏందిరా గిది, గేమా, పోపా?” అంటూ అమ్మ వంటింట్లోంచి దగ్గుతూ వచ్చింది.

మర్నాడు అమ్మే ఉపాయం చేసింది. మా ఇంట్లో ఫ్రిజ్‌కూ, మిక్సీకీ, కుట్టుమిషన్‌కూ అన్నిటికీ అమ్మ అల్లిన గుడ్డ ఉంటుంది. కొత్త మెషీన్‌కూ ఒకటి కప్పింది. కాసేపటికి అది వేడెక్కి, తెర మీద హెచ్చరిక చూపించి ఆగిపోయింది. పైగా పొలాల్లో మోటార్లు వేసే వేళ కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంది. ఆ క్షణానికే మెషీన్ ఆరిపోయి, మళ్లీ వెలిగాక ‘సరిగా ఆఫ్ చేయలేదు’ అని అన్నకే సుద్దులు చెప్పేది. డబ్బా టీవీ ఆ క్షణానికి కళ్లు మూసి తెరిచేది, నా ఆట మొదటికి వచ్చేది, నేను మళ్లీ పరుగెత్తేదాన్ని.

ఆఖరికి తేలిందేమిటంటే, కొత్త మెషీన్ బతకాలంటే మిర్చి బస్తాలు దూరం జరగాలి. బస్తాలకు మిగిలిన చోటు డబ్బా టీవీ ఉన్న మూల. కాబట్టి డబ్బా టీవీ పోవాలి. ఘాటు తట్టుకోలేనిది ఉంటుందట, తట్టుకున్నది పోవాలట. నేను ఇయ్యనన్నది ఆ సాయంత్రమే.

అన్న నవ్వాడు. “నీ ఆట నీకుంటది చెల్లె, టీవీయే పోతది. నీ గేమ్ పెట్టెను గీ పెద్ద టీవీకే పెడ్త చూడు.”

పసుపు, తెలుపు వైర్లు కొత్త టీవీకి గుచ్చాడు. బొమ్మ వచ్చింది. నేను ఆడాను. మొదటి గుంతలోనే పడ్డాను. మళ్లీ ఆడాను, మళ్లీ పడ్డాను. కళ్లు మూసుకుని దూకగలిగే గుంత అది.

“మీట నొక్కిన తర్వాత జర ఆగి దూకుతున్నడు,” అన్నాను.

“ఆడరాక టీవీని అంటున్నవా?”

ఆ మాటకు నేను లోపలికి వెళ్లిపోయి ఉండేదాన్ని, మామూలుగా అయితే. కానీ ఫోన్ తెచ్చాను. నా బొటనవేలు, తెర రెండూ కనపడేలా నిలబెట్టి, నిదానంగా చూపించే వీడియో తీశాను. ముందు డబ్బా టీవీ మీద, తర్వాత కొత్తదాని మీద. డబ్బా టీవీ వీడియోలో గీతలు గీతలుగా కనిపించింది గానీ, వేలు దిగీదిగకముందే మనిషి గాలిలో ఉన్నాడు. కొత్తదాంట్లో వేలు నొక్కి, మళ్లీ పైకి లేచేసింది, మనిషి ఇంకా నేల మీదే నడుస్తున్నాడు.

అన్న రెండుసార్లు చూశాడు. టీవీలో గేమ్ మోడ్ అని ఒకటుంటే అది పెట్టాడు. తేడా తగ్గింది, పోలేదు. పాత వైర్ల నుంచి వచ్చే బొమ్మను కొత్త టీవీ తన కొలతకు సాగదీసుకుని చూపిస్తుందని, ఆ సాగదీతకే కొంత ఆలస్యమని తనే చెప్పాడు.

“అయినా గంత చిన్న తేడాకు గింత పెద్ద డబ్బా ఉంచుకుంటరానే?”

“చిన్నదే. గా చిన్నదాంట్లనే గుంత ఉంది.”

అన్న వైర్లు పీకి మళ్లీ డబ్బా టీవీకే గుచ్చాడు. కానీ అమ్మ అప్పటికే పాత సామాన్లు కొనేవాడికి మాటిచ్చింది, బదులు రెండు ప్లాస్టిక్ టబ్బులు. ఆదివారం పొద్దున మైకు అరుచుకుంటూ ఆటో వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. నేను వెళ్లి టీవీకీ వాకిలికీ మధ్య నిలబడ్డాను. జరగలేదు.

“అక్కా, దాంట్ల రాగి తీగ తప్ప ఏం లేదు. జల్దీ జరుగు, ఎండెక్కుతది,” అన్నాడతను.

“ఆటుంది. ఇయ్యను.”

అమ్మ గొంతు తగ్గించింది. “ఎదిగిన పిల్లవు. గింత వయసొచ్చినంక గేమ్‌లు ఆడుతదంటే నలుగురొస్తె ఏమనుకుంటరే?”

“ఆడుతదని అనుకుంటరు.”

ఆటో అతను నవ్వి, మా పాడైన కూలర్ వైపు వేలు చూపించాడు. “పోనీ గదియ్యిర్రి.” ఒక టబ్బుకు కూలర్ వెళ్లింది. రెండో టబ్బు కోసం అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

డబ్బా టీవీని అన్నా, నేనూ కలిసి నా గదిలోకి మోశాం. బల్ల మీది పుస్తకాలన్నీ మంచం కిందికి వెళ్లాయి. మూలలోకి బస్తాలు జరిగాయి, అన్న తుమ్మకుండా యుద్ధం చేసుకున్నాడు.

ఆ వారమే ముదిగొండ నుంచి అమ్మ వైపు చుట్టాలు నలుగురైదుగురు వచ్చారు. మంచినీళ్లిచ్చాను, గదిలోకి వచ్చాను. ఎప్పుడూ వేసే తలుపు వేయలేదు. క్యాసెట్ గుచ్చి మీట నొక్కాను. ఆ టుంగు టుంగు సంగీతం హాల్లోకి పోతోందని తెలుసు, తగ్గించలేదు.

“ఎవలే ఆడుతున్నరు, పిలగాండ్లొచ్చిండ్రా?” అని ఒక పెద్దామె అడగడం వినిపించింది.

మిర్చి బస్తా జరిపిన చప్పుడైంది.

“మా బిడ్డ. మంచిగ ఆడుతది,” అంది అమ్మ.

ఆ మాట వింటూ మీట ఆలస్యంగా నొక్కి, నేను మొదటి గుంతలోనే పడ్డాను. ఆ ఆలస్యం మాత్రం టీవీది కాదు.